నాయనమ్మ గూటాల లెక్క

ఈ ఉదయం మా అపార్టుమెంటు తోటమాలి పచ్చిక కోసే మిషను నడిపితే ఆ పచ్చిగడ్డి వాసన రెండో అంతస్తులో మా వంటింటిదాకా వచ్చింది. కిటికీలోంచి తొంగిచూస్తే, కోసిన గడ్డంతా నల్ల కవర్లలో కుక్కి చెత్తబండి కోసం గేటు దగ్గర పెడుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట పాపం తోటమాలి మీద కాదు, చాలా పాతది.

తొంభైల చివర, వినుకొండ వైపు మా ఊళ్ళో మాకు నాలుగు ఆవులుండేవి. చేలన్నీ పత్తీ మిరపా అయిపోయినా, ఊరి చివర రెండెకరాల బీడు మాత్రం నాయనమ్మ మాట మీద దున్నకుండా మిగిలింది. తొలకరి పడి గరిక లేచిందంటే, పొద్దున్నే చద్దన్నంలో గోంగూర పచ్చడి కలుపుకు తిని, పలుపుల చుట్ట భుజాన వేసుకుని, సుత్తి నా చేతికిచ్చి ఆవులతో బయల్దేరేది. అందరిలా ఊరికే వదిలేసేది కాదు. గూటం దిగ్గొట్టి, రెండు బారల పలుపుతో ఆవును కట్టేది. అది రోజంతా ఆ గూటం చుట్టూ మేసి, సాయంత్రానికి నేలను గుండు గీసినట్టు చేసేది. మర్నాడు పక్కన మరో గూటం. అలా జరుగుతూ జరుగుతూ మొదటి గూటం గుంత దగ్గరికి తిరిగొచ్చేసరికి నెల పట్టేది, ఈలోపు అక్కడ గడ్డి మళ్ళీ నా పిక్కలదాకా లేచేది.

"ఆవుకి ముప్పై గూటాలే. నాలుగిటికి నూటిరవై. ఒక్కటి తగ్గినా వాటి నోటికాడ కూడు తీసినట్టే" అనేది. గుంతలు లెక్కపెట్టడం నా పని. ఆవు ఈనినప్పుడు బెల్లం, మిరియాలు వేసి వండే జున్నులో మొదటి ముక్క ఆ పనికి నా కూలి.

మిరపకు మంచి ధర పలికిన మరుసటి ఏడు నాన్న బీట్లోకి ట్రాక్టరు తెచ్చాడు. నాయనమ్మ ఎదురెళ్ళి నిలబడింది.

"సగమే దున్నుతానమ్మా, సగం ఉందిగా."

"గడ్డి సగమైతే గొడ్లు సగం తింటాయంట్రా?"

"గట్ల మీద బోల్డంత గడ్డుంది. రెండు రోజులు అక్కడ కట్టు."

"మరి మూడో రోజు?"

నాన్న నవ్వేసి ట్రాక్టరెక్కాడు.

పదిహేను రోజులకే ఆవులు మొదటి గుంతకు తిరిగొచ్చాయి. గరిక వేలెడైనా లేదు, మట్టితో సహా కొరికేవి. ఆ పై ఏడు మిగతా సగమూ దున్నేశాడు. ఇక గట్లే దిక్కు.

మా వైపు చేనికి మందు కొడితే గట్టు మూల కర్ర పాతి వేపమండ కట్టాలి, గొడ్లను అటు తోలొద్దని అందరికీ అదే గుర్తు. నాన్న ఏనాడూ మానలేదు. ఒక రోజు మాత్రం, మన గట్టేగా, పరాయి గొడ్లేం వస్తాయిలే అనుకుని కట్టలేదు. ఇంట్లో చెప్పనూ లేదు. మండ కనపడక నాయనమ్మ ఆ గట్టు మీదే మా పెద్దావు గౌరిని కట్టింది. సుత్తి అందించింది నేనే. మధ్యాహ్నానికి దాని నోట నురగ. పశువుల డాక్టరు వచ్చేలోపే కాళ్ళు తన్నుకుని పోయింది.

నాయనమ్మ నాన్నను ఒక్క మాట అనలేదు. మిగిలిన మూడింటినీ తనే సంతకు తోలించింది. "మేత చూపించలేనోళ్ళం, కట్టేసి ఉంచకూడదు" అంది. చెడామడా తిట్టి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ కోపం. ఎనిమిదేళ్ళ పిల్లకు అర్థమైన లెక్క అది, ఇంటి పెద్దకు ఎందుకు పట్టలేదు?

బీడు దున్ని వేసిన ఆ మిరపకూ తెగులు తగిలింది. ఇప్పుడా బీట్లో ప్లాట్ల రాళ్ళున్నాయి. నాయనమ్మ లేదు, మా ఊళ్ళో గూటం కొట్టే చప్పుడూ లేదు, పాలు అక్కడా ప్యాకెట్టువే.

కంటి ఆపరేషనుకని బ్రాడీపేట ఆసుపత్రికి వచ్చిన నాన్న నాలుగు రోజులుగా మా దగ్గరే ఉన్నాడు. టీ తీసుకుని కిందికి దిగేసరికి పచ్చిక పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"ఇందులో ఎన్ని గూటాలు పడతాయంటావమ్మా?" అన్నాడు.

ఇన్నేళ్ళకి అడిగాడు! "మూడు. ఒక్క ఆవుకి మూడు రోజులు" అన్నాను, కసిగానే.

నాన్న టీ అందుకుని, గేటు దగ్గరి నల్ల కవర్లకేసి చూశాడు.

"మరి నాలుగో రోజు?" అన్నాడు.