గోడ లేని ఇంటికి రాయి

మా పక్కింటి డ్రిల్ మాస్టారు గురువారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే వెళ్ళిపోయారు. ఆ కబురు నాకు మొదట చెప్పింది ఆయన ఇల్లాలు కాదు, మా బరంపురం ఫలకాల సంఘం కార్యదర్శి. ఫోనులో ముందు అయ్యో అన్నాడు. వెంటనే మాస్టారింటి వీధి గోడ ఎంత వెడల్పుంటుందని అడిగాడు. శవం ఇంకా లేవలేదు, రాయికి మాత్రం కొలతలు కావాలి.

ఈ సంఘం గొప్పతనం మీకు తెలియాలి. మా జిల్లాలో బేస్‌బాల్ ఆడి పేరు తెచ్చుకున్నవాళ్ళు చిన్నప్పుడు పెరిగిన ఇళ్ళకు పాలరాతి ఫలకాలు బిగించడం వీళ్ళ పని. ఆ ఆటను కళ్ళతో చూసినవాడు వీళ్ళలో ఒక్కడూ లేడు. అసలు మా ఊరివాళ్ళకు రాళ్ళంటే అదో జబ్బు. గేట్ బజార్ మలుపులో ఒక కుళాయి ఉంది. అందులో నీళ్ళు ఎప్పుడాగాయో నాకే గుర్తులేదు. దాన్ని ప్రారంభించిన పెద్దల పేర్లున్న రాయిని మాత్రం ఏటా కడుగుతారు, పక్క వీధి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి.

ఎక్కడికో పోయాను. మాస్టారు ఆ ఆటను కుర్రతనంలో ఏదో శిక్షణలో నేర్చుకొచ్చారు. ఒకరు బంతి విసరాలి, ఇంకొకరు కర్రతో బాదాలి, బాదినవాళ్ళు నాలుగు మూలలూ తిరిగి బయలుదేరిన చోటికి రావాలి. బడివాళ్ళు బంతి కొన్నారు గాని కర్ర కొనలేదు. మాస్టారు ఇంట్లో రోకలి తీసి, కొసకు తొడిగిన ఇనప పొన్ను ఊడగొట్టి, రెండో కొసను చేతికి పట్టేలా చెక్కించారు. ఆయన ఇల్లాలిని నేను వదినంటాను. ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోనాడు, “కారం దేనితో దంచమంటారు, మీ ఈలతోనా?” అంది. ఆ ఈల ఆయన మెడలోంచి పెళ్ళిళ్ళలో కూడా దిగేది కాదు. రోకలి ఎత్తగలిగినవాళ్ళు దేన్నయినా కొడతారనేవారు. “బంతిని సూడు, సూసేవోల్లని సూడకు” అని ఇంకో మాట.

ఒకసారి ఎండుచేపలకని సముద్రం ఒడ్డున చమఖండి వెళ్ళి, చేపలు మరిచిపోయి వచ్చారు. అక్కడ బెస్తవారి పిల్ల ఒకత్తి, ఎండబెట్టిన చేపల మీద వాలే కాకుల్ని గులకరాళ్ళతో కొడుతోందట. ఒక్క రాయీ తప్పడం లేదట. ఆ పిల్లను బడిలో చేర్పించి, రోకలి చేతికిచ్చారు. ఆమె రాష్ట్రం తరఫున ఆడింది, ఆ ఆటతోనే ఉద్యోగం తెచ్చుకుంది.

ఆమె పేరున ఫలకం చెక్కించి సంఘంవారు చమఖండి వెళ్ళారు. తీరా చూస్తే అది తాటాకు దడుల ఇల్లు. మేకు దిగే చోటే లేదు. తెచ్చిన రాయిని వెనక్కి మోసుకొచ్చి, గేట్ బజార్‌లో ఒక బట్టల సావుకారు మేడకు బిగించారు. చదువుకునే రోజుల్లో ఆమె ఆ మేడ వెనక గదిలో ఒక్క ఏడాది అద్దెకుంది. చేపల వాసన వస్తోందని ఆమెను ఖాళీ చేయించిన పుణ్యాత్ముడే ఆ సావుకారు. ఆవిష్కరణ నాడు అమ్మాయి తన కళ్ళముందే పెరిగిందని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. రాతి మీద ఆమె పేరు కంటే అతని పేరే లావు.

మాస్టారు సభలోనే లేచి ఇదేమిటని అడిగారు.

“అక్కడ గోడ నేదు మాస్టారూ. రాయి దేనికి కొట్టమంటారు?” అన్నాడు కార్యదర్శి.

“గోడ నేకపోతే ఇల్లు కాదేటి? ఆ పిల్ల పెరిగింది అక్కడ. గోడలున్నోడు ఎల్లగొట్టాడు.”

జనం నవ్వారు. తర్వాత వడలు పంచారు.

ఆ రోజు నుంచి మాస్టారు ఆ మేడ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఒక్కసారి ఈల ఊదేవారు, ఆటలో తప్పు పట్టినప్పుడు ఊదే ఈల. సావుకారు ట్రాఫిక్ పోలీసనుకుని బయటికొచ్చి, తన స్కూటరు జరుపుకునేవాడు. నాతో మాత్రం మాస్టారు ఒకటే అడిగారు: “నాను పోయేలోగా ఆ పిల్ల పేరు ఆళ్ళ గుమ్మంలో ఉండాలి తమ్ముడూ.” చూద్దాం అన్నాను. చూస్తూనే కూర్చున్నాను. సంఘాన్ని తిట్టే అర్హత నాకెంతుందో మీరే చెప్పండి.

పెద్దకర్మ మర్నాడు కార్యదర్శి, మాస్టారి పేరున రాయికి గోడ కొలవాలని టేపుతో దిగాడు. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడి, “మా గోడ నేనివ్వను బాబూ, ఎల్లు” అంది. అతను టేపు చుట్టుకుని పోయాడు. ఆవిడ తలుపు మూలనున్న రోకలి తీసింది. బియ్యం డబ్బా అడుగు నుంచి తుప్పు పట్టిన పొన్ను తీసింది. ఇన్నేళ్ళూ దాచింది. “పద మరిదీ, చమఖండి ఎల్దాం” అంది.

కర్మకు వచ్చి ఆగిన ఆ చమఖండి అమ్మాయి కూడా మాతోనే బయలుదేరింది. వాళ్ళ నాన్న మమ్మల్ని చూడగానే, “మల్లీ రాయి తెచ్చారేటి?” అన్నాడు. తేలేదన్నాక కుర్చీ వేశాడు. విరిగిన పడవ చెక్క మీద ఆమె పేరు, ఇక్కడే పెరిగిందన్న ముక్క, తెలుగులోనూ ఒడియాలోనూ నేనే రాశాను. వంకరగానే వచ్చింది. దడి ముందు ఇసకలో రోకలి పాతి దానికి చెక్క కొట్టాం. వదిన పైకొసకు పొన్ను తొడిగి, రాతితో దిగ్గొట్టింది. ఉపన్యాసాలు లేవు, వడలూ లేవు.

ఆటో ఎక్కుతుంటే ఒక కాకి వచ్చి ఆ పొన్ను మీద వాలింది. ఆ అమ్మాయి ఆఫీసు చీరలో ఉంది, చేతిలో సంచి ఉంది. సంచి దింపకుండానే వంగి గులకరాయి తీసి విసిరింది. పొన్ను ఖంగుమంది. కాకి ఎటో ఎగిరిపోయింది గాని, రోకలి మాత్రం ఇసకలో కాసేపు అలా వణుకుతూనే ఉంది.