వెలుగుకు భయపడ్డ వెల్డరు

మా తమ్ముడు వెల్డరు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేస్తాడు. పట్టిన పట్టు విడవని మొండిఘటం, నోట్లో నాలుక మాత్రం లేదు. పొద్దస్తమానం మొహానికి నల్లద్దం మాస్కు పెట్టుకునేవాడికి మాటలతో పనేముంటుందని నేను ఏడిపించేదాన్ని. దానికీ జవాబు చెప్పేవాడు కాదు.

వాడి కూతురు నెలలు నిండకుండా, చాలా ముందే పుట్టింది. గుప్పెడంత పిల్ల. గాజుపెట్టెలో, ఆక్సిజన్ మీద బతికింది. దాన్ని కంటికి రెప్పలా కాచిన నర్సమ్మలకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. బరువు పెరిగాక ఇంటికి పంపిస్తూ, వెంటనే కంటి పరీక్ష చేయించమని మరీ మరీ చెప్పారు.

మావాడు చేయించలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి మాస్కు లేకుండా వెల్డింగు చూసి, కళ్లలో కారం కొట్టినట్టు మండిపోతుంటే ఇల్లంతా పొర్లాడు. అప్పటినుంచీ గట్టి వెలుగంటే వాడికి హడలు. ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ నుదుటి దీపంతో వేరే పాప కళ్లలోకి చూడడం, ఆ పాప గుక్కపట్టి ఏడవడం చూశాడు. ఇంటికి రాగానే కిటికీలకు దుప్పట్లు కట్టాడు.

"నా పిల్ల కళ్లకేం కాలేదక్కా. చక్కగా మెరుస్తున్నాయి. ఆ లైటు వేస్తే ఉన్న చూపు కూడా పోతుంది. వెలుగు సంగతి నాకు తెలీదా?"

"నీకు తెలిసింది ఇనుము సంగతిరా! నడు," అని కేకలేశాను. మరదలు పిల్లను గుండెకు హత్తుకుని నాతో ఆటో ఎక్కింది. విధిలేక వాడూ వెనకాలే బైకు మీద వచ్చాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. వాడి పనేమిటో అడిగి, నుదుటి దీపం వాడి అరచేతి మీదికి తిప్పింది. "కాలుతోందా?" లేదని తలూపాడు.

"మీది కాల్చే వెలుగు. ఇది చూపించే వెలుగు. మరీ ముందు పుట్టిన పిల్లలకు కంటి వెనక పొరలో రక్తనాళాలు పూర్తిగా పెరిగి ఉండవు. తర్వాత అడ్డదిడ్డంగా పెరిగితే ఆ పొరను లాగేస్తాయి. బయటికేమీ కనపడదు. పొర ఊడిపోయాక చూపు తేవడం చాలా కష్టం," అంది.

చూసింది. మా పాపకు అడ్డదిడ్డంగానే పెరుగుతున్నాయి. వెంటనే లేజరు చేయాలంది. ఇది మాత్రం కాల్చే వెలుగేనని, ఆ పెరుగుదల ఆపడానికి పొర అంచుల్లో వాడతామని దాచకుండా చెప్పింది. మావాడు పిల్లకేసి చూశాడు.

"ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే?" అన్నాడు. ఆమె సంతకం పెట్టాల్సిన కాగితం వాడి ముందుకు జరిపింది. "చేసేయండమ్మా," అన్నాడు.

ఆమె రుణం ఈ జన్మలో తీర్చుకోలేం.

తర్వాత పిల్లల డాక్టరు ఇంకో పని అప్పజెప్పాడు. తల్లి కడుపులో పెరగాల్సిన మెదడు ఇప్పుడు మీ ఒళ్లో పెరుగుతోంది, గుండెకు ఆనించుకుని కబుర్లు చెబుతూ ఉండండి అన్నాడు. మావాడికి కబుర్లెక్కడివి? చొక్కా విప్పి పిల్లను ఛాతీ మీద పడుకోబెట్టుకుని, "ఇవాళ ఒకాయన గేటు వంకరన్నాడమ్మా. గేటు కాదు, ఆయన గోడే వంకర," అని మొదలుపెట్టాడు. ఇక ఆగితేనా! "ఇన్నేళ్ల కాపురంలో నాతో ఇన్ని మాటలు ఆడలేదు," అని మరదలు మూతి విరిచేది.

పిల్ల మెడ నిలపడం ఆలస్యమైంది, కూర్చోవడం ఆలస్యమైంది. వాడి గొంతు వింటే మాత్రం కిలకిలా నవ్వేది. అదే మాకు బెంగ. గొంతు విని నవ్వుతోందా, మనిషిని చూసి నవ్వుతోందా? పొర నిలిచిందని, చూపు ఎంతన్నది పెరిగేకొద్దీ తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మావాడు పైకి అనకుండా లోలోపల నలిగిపోయాడు.

ఒకరోజు జలుబు చేసి వాడి గొంతు పూర్తిగా పోయింది. సాయంత్రం పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిలవబోతే గాలి తప్ప మాట రాలేదు. నా ఒళ్లో ఉన్న పిల్ల తల తిప్పింది. వాడి మసి మొహాన్ని తేరిపార చూసింది. బోసినోరు తెరిచి, రెండు చేతులూ వాడివైపు చాచింది.

వాడు గుమ్మంలోనే చతికిలబడి, గొంతు లేకుండానే వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ దుఃఖం ఆగలేదు. వీళ్లకేమైందని కాబోలు, పిల్ల మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.