మా అమ్మకు పెట్టని శోకం

చదువు రాని మనిషి ముందు కూర్చుని కవిత్వం నేర్చుకోమంటే మీరు కూర్చుంటారా? తొందరపడి అవుననకండి. నేనూ సభల్లో అవుననే అనేవాణ్ణి. పాటుపడే జనమే సాహిత్యానికి తల్లివేరని ఖరగ్‌పూర్‌లో ఎన్ని వేదికల మీద బల్ల గుద్దానో లెక్కలేదు. ఇంటికొచ్చాక మాత్రం మా అక్క నోరు తెరిస్తే, "నీకు తెలీదులే" అనేవాణ్ణి.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. సుభాష్‌పల్లిలో మా వీధికి రెండు వీధుల అవతల ఉంటుంది. తెలుగు, బెంగాలీ, హిందీ ధారాళంగా, ఒడియా అవసరమైనంత మాట్లాడుతుంది. చదవడం మాత్రం ఏ భాషలోనూ రాదు. ఆదివారం మా ఇంటికొచ్చి వంట తన చేతుల్లోకి తీసుకుంటుంది.

రైల్వే వర్క్‌షాప్‌లో రిటైరయ్యాక నాకు ఒక బెంగాలీ మాస్టారు స్నేహితుడయ్యారు. హైస్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి. ఆదివారాలు ఇద్దరం మా వరండాలో కూర్చుని కవిత్వం చదవడం మొదలుపెట్టాం. ప్రేమ్ బజార్‌లో జిరాక్సు తీయించిన కాగితాలు సైకిలు హ్యాండిల్‌కు సంచీలో తగిలించుకుని వచ్చేవారు. వారానికి ఒక కవిత, ఒక దేశం, ఒక కాలం. బెంగాలీలోనో ఇంగ్లీషులోనో ఆయన చదివితే నేను అప్పటికప్పుడు తెలుగు చేసేవాణ్ణి. తర్వాత వాదన. ఆయన కవిత పక్షం, నేను ఎదురుపక్షం.

నాకు ఎదురుపక్షమే ఇష్టం. కుర్రతనంలో డిబేట్లలో నలిగిన అలవాటు. ప్రతి కవితనూ ముద్దాయిలా నిలబెట్టేవాణ్ణి. చంద్రుడితో మొరపెట్టుకుంటున్నావు, చంద్రుడికి చెవులున్నాయా? నది ఏడ్చిందన్నావు, చూసినవాళ్లెవరు? మాస్టారు నవ్వేవారు. "దాదా, మీరు వాన పడుతున్నా సాక్ష్యం అడుగుతారు."

ఒక ఆదివారం ఆయన చాలా పాత శోకగీతం ఒకటి తెచ్చారు. కాగితం పుట్టకముందు, పచ్చిమట్టి పలకల మీద పుల్లతో గీతలు నొక్కి రాసుకున్న కాలం నాటిది. రాసినవాళ్ల పేరు లేదు. చనిపోయిన మనిషి కోసం ఒక ఆడమనిషి ఏడుస్తోంది. నేను గొంతెత్తి తెలుగు చేస్తూ పోయాను. సగంలో అక్షరాలు ఆగిపోయి వరసగా చుక్కలు వచ్చాయి. ఆగాను.

గుమ్మంలో బచ్చలికూర బాగుచేస్తున్న అక్క తలెత్తింది. "ఆపేసినావేట్రా?"

"ఇక్కడ పలక విరిగిపోయిందక్కా. ఏం రాసుందో ఎవరికీ తెలీదు."

"తెలీకపోడమేటి? అక్కడ తిట్టుంటాది."

"ఏం తిట్టు?"

"సచ్చిపోనోణ్ణి తిట్టడం. నువ్వెప్పుడైనా శోకం పెట్టడం ఇన్నావేటి? ముందు వరస పెట్టి పిలవాల, నాయినా అనో, మావా అనో. తర్వాత ఆ సేతులు ఏటేటి సేసినాయో సెప్పాల. అప్పుడు తిట్టాల. తిట్టకపోతే గుండె బరువు దిగదు. ఆకర్న నన్నెవులికి అప్పజెప్పి పోనావని అడగాల. నువ్వు సదివినదాంట్లో పిలుపయ్యింది, సేతులయ్యాయి. ఆ సుక్కల తర్వాత ఏటుందో సూడు."

చూశాను. చుక్కల తర్వాతి మాటలు, నన్ను ఎవరి గుమ్మంలో వదిలి పోయావు అని.

మాస్టారికి బెంగాలీలో చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి ఆ కాగితం మళ్లీ చదువుకున్నారు. నేను మాత్రం ఊరుకుంటానా? ఒక్క ఉదాహరణ పట్టుకుని సూత్రం కట్టకూడదన్నాను. అక్క బచ్చలి కాడ ఫట్‌మని విరిచింది. "అయితే ఇంకోటి తెమ్మను మాస్టర్‌బాబుని. నానేటి పారిపోతానా?"

ఆ వానాకాలమంతా పరీక్ష పెట్టాం. ఎడారిలో ఒంటెలు తోలే తెగల్లో తమ్ముడి కోసం అక్క ఏడ్చిన పాట. మంచుదేశపు సముద్రం ఒడ్డున భర్త తిరిగి రాని భార్య పాట. పాత తమిళనాట యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆమె పాట. ఇక్కడికి దగ్గరలోనే, బెంగాల్ నదుల మీద పడవవాళ్ల ఇళ్లలో పాడుకున్న పాట. నేను కావాలనే మధ్యలో ఆపేసి, "తర్వాత ఏముంటుంది?" అనేవాణ్ణి. "ఇప్పుడు తిడతాది" అనేది అక్క. కాగితం చూస్తే తిట్టే ఉండేది. ఒకామె మొగుణ్ణి సోమరి అంది. ఒకామె, ఎన్నిసార్లు పిలిచినా వెనక్కి తిరిగి చూడని పొగరుబోతువి అంది. ఇంకొకామె, వండింది ఎప్పుడూ సరిగ్గా తినలేదు, ఈరోజు మాత్రం తింటావా అంది.

రెండుసార్లు లెక్క తప్పింది. ఒక రాజు చనిపోతే ఆస్థాన కవి రాసినదాంట్లో తిట్టు లేదు, మొదటినుంచి చివరిదాకా పొగడ్తే. అక్క విని మూతి విరిచింది. "ఈడు జీతానికి ఏడ్సినాడు." రెండోదాంట్లోనూ తిట్టు లేదు. "ఆళ్ల వరస వేరేమో" అని కూరలోకి పోపు వేసింది.

మీకు నా సంగతి తెలియాలి. తాయెత్తు కట్టినవాడితోనూ, గ్రహాలు చెప్పినవాడితోనూ, విగ్రహం పాలు తాగిందన్నవాడితోనూ వీధిలో నిలబడి తగువు పెట్టుకున్నవాణ్ణి. అద్భుతం అనే మాట నా నోట అంత తేలిగ్గా రాదు. ఆ వానాకాలంలో వచ్చింది. ఒకరి పేరు ఒకరు వినని ఆడవాళ్లు. మధ్యలో సముద్రాలు, వేల యేళ్లు. ఒకామె ఆకలి ఇంకొకామెకు తెలియదు, ఒకామె దేవుడు ఇంకొకామెకు తెలియదు. అయినా కాళ్ల దగ్గర శవం ఉన్నప్పుడు ముందు పిలిచి, చేతుల్ని తలచుకుని, తిట్టి, ఆ తర్వాతే తమ దిక్కేమిటని అడిగారు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారా, దుఃఖం నడిచే దారే అదా? నాకు తెలియదు. ఆ విరిగిన పలకలో ఏముందో కూడా తెలియదు, తెలుసని చెప్పను. కానీ ఆ చుక్కల మీద వేలు పెట్టి కూర్చున్నప్పుడు ఒళ్లు గగుర్పొడిచేది. ఆ పలక మీది మాటల్ని ఏ దేవుడూ కాపాడలేదు. ఎవరో ఒకరు పాత పలకను చూసి కొత్త పలక మీద రాసి పెట్టారు. అక్క వరసను మాత్రం ఎవరూ రాయలేదు. నోటి మీదే వచ్చింది. ఎంతకాలం నుంచి వచ్చిందో చెప్పగలవాళ్లు ఎవరు?

"నీకెవరు నేర్పారు?" అని అడిగాను.

"అమ్మ," అంది. "ఆవిడ పెట్టిన శోకాలు కోటర్సుల్లో ఆడోళ్లు మల్లీ మల్లీ సెప్పుకునీవోరు. నీకు తెల్దులే. నువ్వు అప్పుడు మీటింగుల్లో ఉండీవోడివి."

నాకు తెలిసింది ఒకటుంది. నాన్న పోయినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మంత్రాలు వద్దు, పిండాలు వద్దు, గుండు వద్దు అన్నాను. అందులో ఏదీ ఈరోజుకీ వెనక్కి తీసుకోను. అమ్మ నాన్న పక్కన కూలబడి "మావా" అని ఎత్తుకుంది. ఒక్క మాటే. నేను అందరి ముందూ, "ఆపమ్మా, పోయినవాడు వినడు. ఈ నాటకాలు మనింట్లో వద్దు" అన్నాను. అమ్మ ఆగిపోయింది. తర్వాత బతికిన పదకొండేళ్లలో ఎవరి చావుకూ శోకం పెట్టలేదు. అమ్మ పోయినప్పుడు అక్క గోడకి ఆనుకుని మాట లేకుండా కూర్చుంది. అక్క గుండె దిటవు చేసుకుందని నేను నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను.

"అమ్మకెందుకు పెట్టలేదక్కా?"

"నువ్వున్నావు కదరా."

పోయినవాడు వినడు. నిజమే. కానీ ఆ గదిలో బతికున్నవాళ్లం పాతిక మందిమి ఉన్నాం. వినాల్సింది మేము. నిజమైన మాట ఒకటి పట్టుకుని మా అమ్మ నోరు నొక్కాను. ఎక్కడో మట్టిపలక విరిగిందని బాధపడుతూ కూర్చున్న నేను, మా ఇంట్లో దాన్ని నా చేత్తో విరిచాను. మిగిలిన ముక్క అక్క దగ్గరుంది. ఆమెకి డెబ్బై ఆరేళ్లు. ఆమె తర్వాత మా ఇంట్లో ఆ వరస తెలిసినవాళ్లు లేరు.

అమ్మకి పెట్టాల్సిన శోకం ఇప్పుడు చెప్పమన్నాను. అక్క పకపకా నవ్వింది. "ఊరికే ఏడవమంటే ఏడుస్తారేట్రా? కుళాయా తిప్పడానికి? నువ్వు పో, నీ శవం ముందు కూకుని పెడతాను. అప్పుడు రాసుకో."

మూడు ఆదివారాలు అడిగాను. మూడుసార్లూ ఇదే వేళాకోళం. నాలుగో ఆదివారం అడగలేదు. మాస్టారూ నేనూ ఏదో చదువుకుంటున్నాం. అక్క గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఉన్నట్టుండి మెల్లిగా, "ఓలమ్మా, నా తల్లీ" అంది. నేను ఫోన్ తీశాను. "అది లోపలెట్టు." పెన్ను తీశాను. "అదీని."

వర్క్‌షాప్ సైరన్ నిన్ను లేపలేదమ్మా, నువ్వే సైరన్ని లేపినావు అంది. పప్పు చాలని రోజు గంజి పోసి, అదే పప్పని మా అందరిచేతా నమ్మించినావంది. బెంగాలీ ఒక్క ముక్క రాకుండా గోల్‌బజార్ చేపలోడిచేత దండం పెట్టించుకున్నావంది. గొంతు రాగంలోకి ఎక్కింది. చేట మీద చేతులు ఆగిపోయాయి. అప్పుడు తిట్టు వచ్చింది.

"సిగ్గునేనిదానా! నువ్వు కన్న కొడుకు నోరుముయ్యమంటే మూసీసినావా? అన్నేళ్లు కాపరం సేసినోడికి ఒక్క మాటేనా? ఆడికి మాటలు నేర్పింది నువ్వా, నీకు నేర్పింది ఆడా? నన్నెవులికి అప్పజెప్పి పోనావే? ఈ పుస్తకాలోడికా? ఆడికి సెవులు ఇప్పుడొచ్చినాయే అమ్మా, ఇప్పుడొచ్చినాయి!"

ఎంతసేపు సాగిందో నేను చూసుకోలేదు. మాస్టారికి తెలుగు రాదు, తల దించుకుని కూర్చున్నారు. శోకం ఆగాక, "తిట్టు ఎక్కడ మొదలైందో నాకు తెలిసింది దీదీ" అన్నారు. అక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుని చేట దగ్గరకు లాక్కుంది. "ఇప్పుడు రాసుకో. ఎంత గుర్తుంటే అంత."

సగమే గుర్తుంది. ఆ సగం రాశాను. మిగతాది అడిగితే, "మల్లీ వచ్చినప్పుడు వస్తాది" అంది. ఇప్పుడు ఆదివారం అడగడం లేదు, కూర్చుంటున్నాను.

మీరు హేతువాదులైనా, భక్తులైనా, పండితులైనా, ఎవరి నోరు మూయించారో మీకు తెలుసు. మోటు అన్నారు, నాటకం అన్నారు, నీకు తెలీదు అన్నారు. ఈ వారమే ఆ మనిషి దగ్గరకు వెళ్లండి. వాదించకండి. వాళ్లు చేస్తున్న పని పక్కన కూర్చోండి. వద్దంటే మళ్లీ వెళ్లండి. తిడితే పూర్తిగా తిట్టనివ్వండి. ఆ తర్వాత, వాళ్లు రాసుకోమంటే, వెంటనే రాయండి.