నాయనమ్మ అనని ఆమెన్

నా చిన్నప్పుడు దేవుడి దగ్గర కూడా క్యూ ఉంటుందని గట్టిగా నమ్మేదాన్ని. ముందు నిలబడ్డవాళ్ళకి కిరసనాయిలు, వెనకవాళ్ళకి "అయిపోయింది, రేపు రండి". మా బన్సీలాల్‌పేట్ సందులో రేషను షాపు అలాగే నడిచేది మరి, పరలోకం వేరేగా ఎందుకుంటుంది? దానికి తోడు మా నాయనమ్మ సాయంత్రం ప్రార్థనలో పేర్లు వరసగా చెప్పేది. ముందు మా చర్చి సంఘంలో జబ్బుపడ్డవాళ్ళు, తర్వాత ఇరుగుపొరుగు, అందరికంటే ఆఖరున మేము. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, మర్యాదకి ప్రాణం పెట్టేది. విస్తరి ముందు పరాయివాళ్ళకి వెయ్యాలి, ఇంటివాళ్ళు తర్వాత తినాలి అనేది. ప్రార్థనలోనూ అదే పద్ధతి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక వానాకాలం, మా సందులో కామెర్లు వచ్చాయి. ఒకే వారంలో మా నాన్న, పక్కింటి మామ ఇద్దరూ మంచం పట్టారు. మామ రైల్వేలో పనిచేసేవాడు. వాళ్ళూ మా చర్చివాళ్ళే. ఇద్దరినీ ఒకే ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. అమ్మ నాన్న దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో నేనూ నాయనమ్మా. రోజూ సాయంత్రం నేను చాప మీద మోకరిస్తే, మోకాళ్ళ నొప్పుల నాయనమ్మ పీట మీద కూర్చుని ప్రార్థన చేసేది. ముందు మామ పేరు, తర్వాత మా నాన్న పేరు. నేను కళ్ళు మూసుకుని పళ్ళు నూరుకునేదాన్ని.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ మామ కూతురంటే, అదే పక్కింటి అక్కంటే, నాకు అంతకుముందు నుంచే కడుపుమంట. నాకంటే రెండేళ్ళు పెద్దది. సండే స్కూల్లో బైబిలు వాక్యాలు ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పి ప్రతి క్రిస్మస్‌కీ బహుమతి కొట్టేసేది. వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి వస్తూ మోండా మార్కెట్లో ఆగి ఆమె కోసం సీతాఫలాలు తెచ్చేవాడు. మా నాన్నా తెచ్చేవాడు, కానీ మా ఇంట్లో పండ్లు ఎప్పుడూ పక్కింటి పండ్లకంటే చిన్నవిగా కనిపించేవి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

మూడో వారంలో మామకి నయమైంది. రిక్షా దిగి, అక్క భుజం పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు. నేను కిటికీ చువ్వల్లోంచి చూశాను. మా నాన్న కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయని, గంజి కూడా దిగడం లేదని ఆ పొద్దున్నే అమ్మ కబురు పెట్టింది. ఆ భుజం నాదెందుకు కాలేదన్న బాధతో నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మావాళ్ళలో గండం గడిచి ఇల్లు చేరితే కృతజ్ఞతా కూటం పెట్టుకుంటారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సందంతా వాళ్ళింట్లోనే. నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని నన్నూ లాక్కెళ్ళింది. పాటలు పాడారు. అక్క గొంతే అందరికంటే పైన వినిపించింది, అదీ ఓర్చుకున్నాను. పాస్టరుగారు నాయనమ్మను ప్రార్థన చెయ్యమన్నారు. కొడుకు ఆసుపత్రిలో ఉన్న మనిషి లేచి నిలబడి, పక్కింటాయన్ని క్షేమంగా ఇల్లు చేర్చినందుకు దేవుడికి నోరారా వందనాలు చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను పెదవి కదపలేదు.

చాయ్, బిస్కెట్లు వచ్చాయి. మామ నన్ను చూసి, "ఏందీ బిడ్డా, గిట్ల మూలకు కూసున్నవ్? జెర ఇటు రా, నా పక్కకు కూసో," అని తన బిస్కెట్ నా చేతిలో పెట్టబోయాడు. నేను చెయ్యి వెనక్కి దాచుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తాను.

నాయనమ్మ వచ్చీ రాగానే అరిచాను. "అంతా నీవల్లే. ముందు ఆయన పేరు చెప్పావు. దేవుడు ఆయన్ని బాగుచేసి ఊరుకున్నాడు."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చాప పరిచి, "నాతో దేనికే చెప్పడం? ఆ దేవుడితోనే చెప్పు. ఇవాళ ప్రార్థన నువ్వే చెయ్యి, నీకు నచ్చిన వరసలో," అంది. పీట వేసుకోకుండా నా పక్కనే మోకరించింది.

మొదటి పేరు మా నాన్నదే చెప్పాను. అంతటితో ఆపితే బాగుండేది. "ప్రభువా, మా నాన్నను బాగుచెయ్యి. కావాలంటే పక్కింటి మామకి మళ్ళీ కామెర్లు రానీ. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్."

మా ఇళ్ళల్లో ఒకరు ప్రార్థన చేస్తే విన్నవాళ్ళు కూడా ఆమెన్ అనాలి. అప్పుడే అది అందరి ప్రార్థన అవుతుంది. అప్పటిదాకా ఎవరూ కళ్ళు తెరవరు, ఎవరూ లేవరు. నాయనమ్మ అనలేదు. వినపడలేదేమోనని ఇంకాస్త గట్టిగా అన్నాను. ఊహూఁ. ఓరకంట చూశాను. చేతులు జోడించే ఉంది, కళ్ళు మూసుకునే ఉంది, ముఖంలో కోపమన్నది లేదు. ఆ మోకాళ్ళతోనే ఎంతసేపైనా అలా ఉండిపోతుందని అర్థమైంది.

గత్యంతరం లేక మళ్ళీ మొదలుపెట్టాను. మామకి రావద్దులే అన్నాను. ఆమెన్ లేదు. అక్కంటే నాకు ఒళ్ళుమంట అన్నాను. ఆమెకి అన్నీ ఇచ్చావు, నాకున్న ఒక్క నాన్నను ఎందుకు పంపవు అని దేవుణ్ణి నిలదీశాను. ఏడుపొచ్చింది. "నాకు భయంగా ఉంది. నాన్న చచ్చిపోతాడేమోనని భయంగా ఉంది," అన్నాను. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు.

అప్పుడు నాయనమ్మ ఆమెన్ అంది. ఆ మాట అంటూనే చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కన్నతల్లికి ఆ భయం నాకంటే ఎక్కువే ఉంటుందని నాకు అప్పటిదాకా తోచనే లేదు.

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాం. మారిందేమీ లేదు, నాన్న ఆసుపత్రిలోనే ఉన్నాడు. కానీ నాలో ఉన్న కుళ్ళు, భయం అన్నీ దేవుడికి తెలిసిపోయాయి, ఇక దాచేదేమీ లేదు. శాంతి అన్నది నాకు అంతవరకూ పాటల్లో మాట. ఆ సాయంత్రం మాత్రం చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది, నిద్ర పట్టింది.

నాన్న ఇంటికి రాలేదు. పదిరోజులకి పోయాడు. సమాధుల తోటకి తీసుకెళ్ళేటప్పుడు శవపెట్టెకి భుజం పట్టడానికి మామ ముందుకొచ్చాడు. ఇంకా ఒంట్లో బలం లేదని మోసేవాళ్ళు వద్దన్నారు. ఆయన వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చాడు. "నేనున్న గద బిడ్డా," అని నా చెయ్యి పట్టుకుని దారంతా నడిచాడు. రెండో చెయ్యి అక్క పట్టుకుంది. నేను విడిపించుకోలేదు. మామ విషయంలో నేను మొదట అడిగింది జరిగి ఉంటే నాకు ఆ చెయ్యి కూడా ఉండేది కాదు.

అసూయ ఆనాటితో పోయిందంటే అబద్ధమే. డెబ్బై దాటినా, ఎదురింటావిడ తన మనవడి గురించి చెబుతుంటే లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. అలాంటప్పుడు గది తలుపు వేసుకుని, ఉన్న కుళ్ళంతా ఉన్నట్టుగా దేవుడికి చెప్పేస్తాను. తవ్వితే దాని అడుగున ఎప్పుడూ ఏదో ఒక భయమే ఉంటుంది. ఆ భయం నోటితో చెప్పేదాకా లేవను. చెప్పాక, పక్కన నాయనమ్మ లేదు గనుక, ఆమె వంతు ఆమెన్ కూడా నేనే అనుకుంటాను.