పెదనాన్న బండిలో నల్లగుడ్డ

పక్కింటి పెదనాన్న పోయాడని నాకు చెప్పింది మా నాన్నే. నరసరావుపేటలో నేను అద్దెకుంటున్న ఇంటికి పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. పురుగుమందు కొనటానికి వచ్చానన్నాడు. కాఫీ సగం తాగాక, గోడవైపు చూస్తూ, "ఆ పక్కింటోడు పోయాడు నిన్న సాయంత్రం. గుండె ఆగిందంట" అన్నాడు.

"నువ్వెళ్లి చూశావా?" అని అడిగాను.

"నేనెందుకెళ్తా? నువ్వెళ్తావేమోనని చెప్తన్నా. మజ్జానం తీస్తారంట."

పురుగుమందు మా ఊరికి దగ్గర్లో ఉన్న గురజాలలోనూ దొరుకుతుంది. ఆ మాట ఆయనతో అనలేదు. నేను పనిచేసే బడికి సెలవు చెప్పి, ఆయన వెంటే బస్సెక్కాను.

పెదనాన్న మాకు రక్తసంబంధీకుడు కాడు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. వరసకి పెదనాన్న. సాగరు కాలవ నీళ్ల వంతు దగ్గర మొదలైన గొడవ పంచాయతీ ఎన్నికలతో ముదిరి ఊరు రెండు పార్టీలైనప్పుడు, మేమొక పార్టీ, వాళ్లొక పార్టీ అయ్యాం. అప్పటినుంచి ఆ గోడకి అటూ ఇటూ తిట్లు తప్ప మాటలు లేవు. కానీ వరసలు పార్టీలకంటే ముందే కుదిరిపోయాయి కాబట్టి నేను ఆయన్ని పెదనాన్న అనటం మానలేదు. ఆయన నన్ను ఏమీ అనేవాడు కాదు. నేను వాకిట్లోకి వస్తే గట్టిగా ఖాండ్రించి, లోపలికి పోయేవాడు.

మంచి మనిషి అని రాయటానికి నాకు చెయ్యి రావటం లేదు. నోరు మంచిది కాదు. మా అమ్మ ముగ్గు వేస్తుంటే బండి టైర్లు కడిగిన నీళ్లు కావాలని మా వైపు వదిలేవాడు. మా గేదె వాళ్ల గడ్డివామి దగ్గరికి పోతే దాన్ని పట్టుకెళ్లి బందెలదొడ్లో తోలించాడు, పిలిచి చెబితే పోయేదానికి. ఆయన ప్రేమంతా ఆయన పికప్ బండి మీదే. పత్తి బోరాలూ మిరపకాయల టిక్కీ బస్తాలూ గుంటూరు యార్డుకి తోలే బండి అది. వెనక తొట్టి ఎంత దుమ్ము కొట్టుకుపోయినా ముందు క్యాబిన్ మాత్రం పెళ్లివారిల్లులా ఉండేది. పైకప్పుకి మీగడరంగు గుడ్డ, తలుపుల అట్టలకీ అదే రంగు రెక్సిన్. చెప్పులు విడిచి గాని ఎక్కేవాడు కాదు. పక్కన కూర్చున్నవాడు బీడీ తీస్తే బండి ఆపి దింపేసేవాడు. "నా ఇంటో తాగు, నా బండ్లో తాగమాక" అనేవాడు.

గొడవలు బాగా ముదిరిన ఆ రోజుల్లో, ఒక మధ్యాహ్నం కాలవ కట్ట మీద నాన్నని వాళ్ల పార్టీవాళ్లు కొడవళ్లతో నరికారు. తల మీద ఒక వేటు, కుడి ముంజేతి మీద ఇంకోటి. మావాళ్లు మంచం మీద ఇంటికి మోసుకొచ్చారు. బస్సు అప్పుడే వెళ్లిపోయింది. ఊళ్లో ఉన్న ఒక్క ట్రాక్టరూ పొలంలో ఉంది. అరుపులూ ఏడుపులే గాని ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు పక్కింటి దొడ్లోంచి పికప్ వెనక్కి వచ్చి సరిగ్గా మా గుమ్మం ముందు ఆగింది.

పెదనాన్న దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కించండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. మా మేనమామ మంచానికి అడ్డంగా నిలబడి, "నరికించిందీ మీరే, మోసుకుపోయేదీ మీరేనా? దారిలో ఏం చేద్దామని?" అన్నాడు.

"దారిలో ఏం చెయ్యక్కర్లా. నువ్విట్టా మాట్టాడతా ఉండు, ఇక్కడే పోతాడు."

మా అమ్మ మామయ్యని పక్కకి తోసేసింది. "ఎక్కించండిరా" అని కేక వేసింది. నాన్నని క్యాబిన్లోనే కూర్చోబెట్టారు, తొట్టిలో పడుకోబెడితే గతుకులకి ప్రాణం పోతుందని పెదనాన్నే అన్నాడు. నాన్నకి అటు ఆయన, ఇటు నేను. అమ్మా, మామయ్యా వెనక తొట్టిలో ఎక్కారు. అమ్మ తన చీర కొంగు చించి నాన్న చేతికి కట్టింది గాని అది అప్పటికే తడిసిపోయింది.

"చెయ్యి పైకెత్తి పట్టుకో. దించావంటే నెత్తురు ఆగదు" అని నాతో అన్నాడు. గొడవ మొదలైన తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది. నేను నాన్న చేతిని పైకెత్తి, బండి పైకప్పుకి ఆనించి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. నెత్తురు ఆ మీగడరంగు గుడ్డలోకి ఇంకుతోంది. నా మోచేతుల మీదుగా కారి తలుపు అట్ట మీద చారలు కడుతోంది. పెదనాన్న ఒక్కసారి పైకి చూశాడు. మళ్లీ చూడలేదు.

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గరికి వచ్చేసరికి నాన్న కళ్లు మూతలు పడటం మొదలైంది. అప్పుడు పెదనాన్న తిట్లు అందుకున్నాడు.

"ఏరా, నిద్రొస్తందా? నీళ్లు దొంగతనంగా తిప్పుకున్నప్పుడు రాలేదే నిద్ర!"

నాన్న పెదవులు కదిలాయి. "ఎవడ్రా దొంగ?"

"నువ్వే. మీ అయ్యా దొంగే. గట్టు జరిపాడు మీ అయ్య."

"మా అయ్య జోలికి రామాక... నీ..."

నరసరావుపేట దాకా ఇదే తంతు. నాన్న మాట తగ్గినప్పుడల్లా ఈయన ఇంకో బూతు పైకి తీసేవాడు. నాన్న కళ్లు తెరిచి, గొంతు పెగల్చుకుని, బదులు తిట్టేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా చేతులు ఖాళీగా ఉంటే ఆయన గొంతు పట్టుకునేదాన్ని. ఆయన కావాలని అలా తిట్టాడో, అలవాటు కొద్దీ తిట్టాడో నాకిప్పటికీ తెలియదు. ఆస్పత్రిలో డాక్టరు మాత్రం, స్పృహ పోకుండా తీసుకొచ్చారు, అదే మంచిదైంది అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఆవరణలో బండి లేదు.

నాన్న బతికాడు. కుడిచెయ్యి మాత్రం మునుపటి పట్టు కోల్పోయింది. పెదనాన్నకి ఆ రోజునుంచి ఊళ్లో ఏ గడపా మిగల్లేదు. వాళ్ల పార్టీవాళ్లు ఆయన బండికి సరుకు ఎత్తటం మానేశారు. ఎవరో ముందద్దం పగలగొట్టారు. పగవాడి నెత్తురు నెత్తిన పెట్టుకు తిరుగుతున్నాడని రచ్చబండ దగ్గర ఎగతాళి చేశారు. మావాళ్లేమన్నా మెచ్చుకున్నారా అంటే, అదీ లేదు. బండి అంత సిద్ధంగా ఎలా ఉంది, ముందే తెలిసి ఉంటుంది అన్నారు. మామయ్య అయితే ఊరంతా అదే మాట చెప్పుకుని తిరిగాడు.

ఆయన భార్య, నాకు వరసకి పెద్దమ్మ, ఆ పైకప్పు గుడ్డని సబ్బుతో రుద్దింది, కిరసనాయిలుతో తుడిచింది. గోడ ఇవతల నుంచి నాకు చప్పుడు వినపడేది, ఆమె తిట్లూ వినపడేవి. మరక ఎరుపు పోయి గోధుమరంగుకి వచ్చింది గాని వదల్లేదు. పైన పరుచుకున్న నాన్న అరచెయ్యీ వేళ్లూ తెలుస్తూనే ఉన్నాయట.

కేసు కోర్టుకి రాబోతుండగా, బండిని నరసరావుపేటలో సీట్లు కుట్టే షాపుకి తీసుకెళ్లాడని తెలిసింది. మామయ్య బుసలు కొడుతూ నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి నాకు పేటలో ఉద్యోగం వచ్చింది. "సాక్ష్యం మాపేస్తన్నాడు. పదవే, ఆ గుడ్డ మన చేతికి రావాలి" అన్నాడు. నేనూ అదే నమ్మాను. ఇద్దరం వెళ్లాం.

షాపు ముందు వేపచెట్టు నీడలో బండి నిలబెట్టి ఉంది. తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి. పైకప్పు గుడ్డ ఊడదీశారు, లోపల రేకు కనిపిస్తోంది. తలుపుల అట్టలు కింద బోర్లించి ఉన్నాయి. పక్కన నల్ల రెక్సిన్ చుట్ట. షాపాయన దాన్ని విప్పకుండా పెదనాన్నని బతిమాలుతున్నాడు.

"నా మాటిను బాబాయ్. నలుపొద్దు. మన పల్నాడు ఎండకి పైన నలుపు, పక్కన నలుపు అంటే పొయ్యిలో కూర్చున్నట్టే ఉండిద్ది. అదే మీగడరంగు మళ్లీ ఏస్తా, కొత్త పెళ్లికూతురిలా ఉండిద్ది."

"నలుపే ఎయ్యి."

మామయ్య ముందుకి దూకాడు. "ఏస్తాడు, ఎందుకెయ్యడు? నెత్తురు కనపడకూడదు గదా! మీవాళ్లని తప్పించటానికి ఎంత పన్జేస్తన్నావు!"

పెదనాన్న ఇటు తిరిగాడు. కోపం రావటానికి ఆయనకి పెద్దగా సమయం పట్టేది కాదు. కింద పడి ఉన్న పాత గుడ్డని కాలితో లాగి, చేత్తో ఉండ చుట్టి మామయ్య గుండెల మీదికి విసిరాడు. "పట్టుకుపో. కోర్టులో ఎగరేసుకో జెండా. నాకెందుకిది?"

మామయ్య తెల్లబోయాడు. ఆయన తగాదాకి సిద్ధపడి వచ్చాడు గాని గుడ్డ ఇలా చేతికొస్తుందనుకోలేదు. నాకు మాత్రం కోపం తగ్గలేదు. "మరి నలుపెందుకు పెదనాన్నా? మా నాన్న నెత్తురు అంత అసయ్యమయిందా నీకు?" అని అడిగాను.

ఆయన నావైపు చూసిన చూపులో కాస్త కూడా మెత్తదనం లేదు.

"మీ నాన్నే ఆఖరోడనుకున్నావా మనూళ్లో?" అన్నాడు. "మీవాళ్లు కత్తులు నూరుకుంటన్నారు, మావాళ్లూ నూరుకుంటన్నారు. రేపు ఎవడో ఒకడు పడతాడు. ఎల్లుండి ఇంకోడు. ప్రతోడి మరకా కడగమంటే మీ పెద్దమ్మ చేతులు పోయినియ్. నలుపైతే కనపడదు. తుడిచి, తర్వాతోణ్ణి ఎక్కించొచ్చు."

షాపాయన వంగి, రెక్సిన్ చుట్ట విప్పి, కత్తెర తీసుకున్నాడు.

మామయ్య ఆ గుడ్డని గోనెసంచిలో పెట్టి వకీలు దగ్గరికి తీసుకెళ్తే ఆయన దాన్ని ముట్టుకోను కూడా లేదు. కోర్టులో పెదనాన్నని పిలిచినప్పుడు, "కొట్టటం నేను చూళ్లేదు. పడుంటే ఎక్కించా" అని, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. రెండు పార్టీలూ ఆయన్ని బయటికొచ్చాక తిట్టాయి.

నల్ల క్యాబిన్‌తో ఆయన పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. వేసవిలో స్టీరింగు పట్టుకుంటే చేతులు కాలేవి. వీపు తడిసి చొక్కా అట్టకట్టేది. బొగ్గులకొట్టు వస్తోందని కుర్రకారు నవ్వితే బండి ఆపి మరీ బూతులు తిట్టేవాడు. కానీ ఆయన చెప్పినట్టే జరిగింది. పాము కరిచినవాళ్లు ఎక్కారు. కాన్పు కష్టమైన ఆడవాళ్లు ఎక్కారు, అందులో ఒకామె ఇంకా ఊరు దాటకముందే బండిలోనే కన్నది. దెబ్బలు తిన్నవాళ్లు ఎక్కారు, ఇటువాళ్లూ అటువాళ్లూ. ఎవరినీ ఓదార్చేవాడు కాదు. "ఏడవమాక, గేరు మార్చటం కుదర్టల్లా" అనేవాడు. ఇంతమంది ఎక్కాక కూడా ఆయనకి సరుకు దొరకటం అంతంతమాత్రమే. అవసరానికి ఎక్కేవాళ్లే మర్నాడు ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్లు. ఆయనా తిప్పుకునేవాడు.

ఒకసారి మావాళ్లు వాళ్ల పార్టీ మనిషిని కొట్టారు. నాన్నని నరికినవాళ్లలో మొదటివాడు అతనే. పెదనాన్న అతన్నీ ఎక్కించుకుపోయాడు. ఆయన తిరిగొచ్చి దొడ్లో బకెట్టు పెట్టుకుని క్యాబిన్ కడుగుతుంటే, నాన్న గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. సెలవులకి వచ్చిన నేను వసారాలో ఉన్నాను.

"నన్ను నరికినోణ్ణి ఎట్టా ఎక్కించావురా నువ్వు?" అని నాన్న అరిచాడు.

గోడ అవతల నుంచి తడిగుడ్డ పిండుతున్న చప్పుడు. తర్వాత ఆయన గొంతు.

"నిన్నెక్కించినట్టే."

నాన్న గిరుక్కున తిరిగి ఇంట్లోకి వచ్చేశాడు. అలా నోరు మూయించినందుకు నాన్నకి ఆయన మీద కోపం మరింత పెరిగింది. వాళ్లిద్దరూ ఆ తర్వాత ఒకర్నొకరు పలకరించుకోలేదు. తిట్టుకోవటం కూడా ఆగిపోయింది.

నేను ఒక్కసారి కృతజ్ఞత చెప్పబోయాను. పేట బస్టాండులో కనపడ్డాడు. "ఆ రోజు నువ్వు లేకపోతే..." అని మొదలుపెట్టాను. "నేను లేకపోతే ఇంకో బండొచ్చేది. పో, నీ బస్సు పోద్ది" అని వెళ్లిపోయాడు. ఇంకో బండి రాదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన మమ్మల్ని చివరిదాకా ఇష్టపడలేదు. నేనూ ఆయన్ని ఇష్టపడ్డానని చెప్పలేను. ఇష్టపడని మనిషికి ఇంత రుణపడటం ఎంత ఇబ్బందో అనుభవిస్తే గాని తెలియదు.

పేట నుంచి నాన్నా నేనూ ఊళ్లో బస్సు దిగేసరికి పాడె కడుతున్నారు. జనం పలచగా ఉన్నారు. నాన్న నేరుగా మా ఇంట్లోకి పోయాడు. నేను వాళ్ల గుమ్మం ఎక్కాను. వాళ్ల పార్టీవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే తలలు అటు తిప్పుకున్నారు. పెద్దమ్మ నన్ను చూసి, "ఇప్పుడు తెలిసిందా దారి?" అంది. అంటూనే పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన మొహంలో అప్పుడు కూడా శాంతం ఏమీ లేదు. ఎవరిమీదో విసుక్కుంటూ పోయినట్టే ఉంది.

డప్పులు మొదలయ్యాయి. పాడె లేచింది. నేను దాని వెనక వీధిలోకి వచ్చాను. మా గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. మెట్టు దిగలేదు. ఎవరినీ చూడటం లేదు. పాడె మా వాకిటి ముందుకి వచ్చినప్పుడు భుజం మీద కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. మా నాన్న ఎమ్మెల్యే వచ్చినా కండువా తీసే మనిషి కాదు. వీధిలో ఉన్నవాళ్లంతా అది చూశారు. మామయ్య కోపంగా ఏదో అనబోతే ఆయన వినిపించుకోలేదు. డప్పుల చప్పుడు మలుపు తిరిగి సన్నబడేదాకా, ఆ మండుటెండలో, చంకలో కండువాతో అలాగే నిలబడ్డాడు.