బిగించానో లేదో

సముద్రతీరంలో ప్రాణరక్షణ బృందం వాళ్ల షెడ్డులో పడవలూ వాటర్ స్కూటర్లూ బాగుచేసే ఆవిడను అందరూ నిదానమ్మ అంటారు. కుట్టుమిషన్ల రిపేరు వదిలేసి, ముప్పై దాటాక ఈ పనిలో చేరింది. ఆవిడ చేతిలో పడిన మర ఆలస్యంగా బయటికొస్తుంది గానీ, అదే జబ్బుతో మళ్లీ రాదు.

కొత్త వాటర్ స్కూటర్ వచ్చినప్పటి నుంచి ఆవిడకు మనసు మనసులో లేదు. మొదటి పది గంటలు ఇంజన్‌ని ఉరికించకూడదు. సగం వేగం దాటకూడదు, అలాగని ఒకే వేగంలో లాగించకూడదు. లోపలి భాగాలు ఒకదానికొకటి అలవాటు పడాలి.

"కొత్త కోడలిని చూసుకున్నట్టు చూసుకో అబ్బాయ్," అని దాన్ని నడిపే మరిదికి రోజూ చెప్పేది.

"మనింట్లో కొత్త కోడలిని ఎలా చూశారో నువ్వే చెప్పాలి వదినా," అనేవాడు అతను, నవ్వు కనబడనీయకుండా.

ఆరు గంటలు నడిచింది. ఆ పొద్దున మరిది ఒక చుట్టు తిప్పి తెచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగింది. ముందు ఇంజన్, తర్వాత కుళాయి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తర్వాత ఇంజన్. వరస తప్పితే నీళ్లు ఇంజన్‌లోకి పోతాయి. స్కూటర్ పొట్టలో చేరిన నీళ్లు కారిపోవడానికి వెనకున్న రెండు బిరడాలూ విప్పింది. ఒకటి తిరిగి బిగించేసరికి ఫోను మోగింది. అత్తగారి కంటి ఆపరేషన్ తేదీ మార్చారట.

ఫోను పెట్టేసి సీటు మూసిందో లేదో, ఈల వినబడింది. ఈతకు దిగిన ఒకతను లోపలికి కొట్టుకుపోతున్నాడు. పాత స్కూటర్ ఇంజన్ విప్పి బల్ల మీదుంది. మరిది కొత్తదాన్నే నీళ్లలోకి తోసి వెళ్లిపోయాడు.

అప్పుడు ఆవిడకు అనుమానం వచ్చింది. రెండో బిరడా బిగించానా?

బల్ల మీద చూసింది. జేబులు తడిమింది. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా వెతికింది. ఎక్కడా లేదు. లేదు కాబట్టి బిగించినట్టేనా? ఇసకలోకి దొర్లిపోయి ఉండొచ్చు కూడా. ఫోను మోగడం గుర్తుంది, సీటు మూయడం గుర్తుంది. మధ్యలోది ఎంత తలకొట్టుకున్నా గుర్తు రాలేదు.

చెబితే అతను వెనక్కి తిరుగుతాడేమో, నీళ్లలో ఉన్నవాడు పోతాడు. చెప్పకపోతే ఇద్దరూ పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వైర్‌లెస్ సెట్ తీసుకుంది.

"అబ్బాయ్, వెనక బిరడా ఒకటి బిగించానో లేదో గుర్తు లేదు."

ఇంజన్ మోతలోంచి అతని గొంతు వచ్చింది. "వెనక్కి రానా వదినా?"

"వద్దు. పరిగెత్తుతున్నంతసేపు నీళ్లు లోపలికి రావు, ఆగితేనే వస్తాయి. పూర్తి వేగంతో పో. అతన్ని ఎక్కించుకోగానే అలాగే వచ్చెయ్."

"పది గంటలు కాలేదుగా?"

"ఇంజన్ సంగతి నేను చూసుకుంటా. నువ్వు రా."

దూరాన స్కూటర్ ఆగింది. ఈతగాణ్ని ఎక్కించబోతే జారిపోయాడు. మళ్లీ జారాడు. స్కూటర్ వెనక భాగం కుంగుతోందో, అల చాటున అలా కనబడుతోందో ఆవిడకు తెలియలేదు. మూడోసారికి పైకి లాగాడు. ఇంజన్ మోత మొదలైంది గానీ గొంతులో కఫం అడ్డుపడ్డట్టుంది.

ఒడ్డుకు చేరారు. ఈతగాడు ఉప్పునీళ్లు కక్కుకున్నాడు, బతికాడు. స్కూటర్‌ని ఇసక మీదికి లాగితే ఒక రంధ్రం నోరు తెరుచుకునే ఉంది. చాలాసేపు నీళ్లు ధారగా కారాయి.

"ఎలా జరిగింది?" అన్నాడు బృందం పెద్ద.

"నేను బిగించలేదు," అంది. రిపోర్టులో కూడా ఆ మాటే రాసి సంతకం పెట్టింది. ఆయన గట్టిగానే మందలించాడు, పనిలోంచి మాత్రం తీసెయ్యలేదు.

మధ్యాహ్నం ఇంజన్ ఆయిల్ దించింది. నీళ్లు కలిస్తే ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. తెల్లబడలేదు. గుడ్డ మీద వడగడితే సన్నటి లోహపు పొడి కనిపించింది. కొత్త ఇంజన్‌కి ఆ మాత్రం మామూలే. అయినా ఇంకో గుడ్డ తెచ్చి మళ్లీ వడగట్టింది.

ఆ బిరడా మరి దొరకనే లేదు, దాని చోట కొత్తది వేశారు. ఇప్పుడు ఎంత తొందరున్నా, ఆవిడ వచ్చి రెండు బిరడాలూ వేలితో తాకేదాకా మరిది స్కూటర్ కదిలించడు. ఆవిడ ఇంటికి సగం దూరం వెళ్లి, బిగించానా అని షెడ్డుకు తిరిగొచ్చిన సాయంత్రాలున్నాయి. దేనికైనా వదినను ఆటపట్టించే మరిది, ఈ ఒక్క విషయం ఎత్తడు.