సీటు మీద తువ్వాలు

గుండెలో వాల్వు మార్పించుకోవాలని గుంటూరు బస్సెక్కానే గానీ, నరసరావుపేట స్టాండులోనే దిగిపోదామనిపించింది. పక్కసీటాయన చేతిలోనూ నాదానిలాంటి ఆస్పత్రి ఫైలే. ఈపూరు దగ్గర క్వారీలో పనట.

“నాదీ వాల్వే అన్నా. ఒక్కడివైతే చానా భయం. ఇద్దరం ఉంటే ఏందంట?” అన్నాడు.

కొట్లో పెరిగినవాణ్ణి, బేరమాడకుండా ఉంటానా? “ముందు నువ్వు కోయించుకుంటేనే నేను” అన్నాను. చేతిలో చెయ్యి వేశాడు. సీటు మీద తువ్వాలు పరిచి, “చూస్తుండన్నా, టీ తాగొస్తా” అని దిగాడు.

ఆ సీటు కోసం ముగ్గురితో తగవుపడ్డాను. తీరా కిటికీలోంచి చూస్తే, ఎదురుగా, వెనక్కెళ్ళే వినుకొండ బస్సెక్కుతున్నాడు. పిలిచినా తల తిప్పలేదు. తువ్వాలు ఇచ్చే వంకతో నేనూ లేచాను. అప్పటికే మా బస్సు కదిలింది.

ఆపరేషనయ్యాక, దగ్గొస్తే ఛాతీకి ఏదైనా అదిమిపట్టుకోమన్నారు. ఆ తువ్వాలే మడిచి అదుముకున్నాను. “నీకూ ఈ దగ్గు రావాలిరా” అని దగ్గినప్పుడల్లా వాణ్ణి తిట్టాను.